సుగుణ నోట్లోంచి గొట్టం తీసిన రోజు

పోయిన ఏడాది వినాయక చవితికి ముందు వచ్చిన మంగళవారం, పొద్దున పదకొండుంబావు. ఖాజాగూడలో మా పళ్ళ క్లినిక్. నేనక్కడ అసిస్టెంటును. పనిముట్లను ఆవిరి మెషీన్లో శుద్ధి చేయడం, డాక్టరమ్మ పని చేస్తుంటే రోగి నోట్లోని ఉమ్మినీ నీళ్ళనూ పీల్చే సక్షన్ గొట్టం పట్టుకోవడం నా పని. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. మెత్తగా రాయడం ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజు కుర్చీలో ఉన్నది సుగుణ. దగ్గర్లోనే సాఫ్ట్‌వేర్ పిల్లలుండే హాస్టల్లో వంట చేస్తుంది. వాళ్ళది గోదావరి వైపు. ఒంట్లో షుగర్, కళ్ళల్లో శుక్లాలు. ఆ మసక చూపుతోనే మరిగే నూనె ముందు నిలబడుతోంది. కంటి దవాఖానవాళ్ళు ఆపరేషన్‌కు రోజు చెప్పడం, తీరా పోయాక షుగర్ దిగలేదని వెనక్కి పంపడం అప్పటికి రెండుసార్లయింది. ఈసారీ తప్పితే వేరే మనిషిని చూసుకుంటానని హాస్టల్ యజమాని చెప్పేశాడట.

వెంట భర్త అప్పారావు వచ్చాడు. క్యాబ్ నడుపుతాడు. కదిలే పన్ను ఒకటి నొప్పి పెడుతుంటే మాత్రలు రాయించుకుని పోదామని వచ్చారు.

డాక్టర్ స్వర్ణలత ప్రోబ్ పెట్టి చూసింది. ప్రోబ్ అంటే గీతలున్న సన్నటి కడ్డీ. పంటికీ చిగురుకూ మధ్య సందు ఎంత లోతుందో చెబుతుంది. గట్టి చిగురైతే దాన్ని పైనే ఆపుతుంది. సుగుణ నోట్లో అది లోపలికి జారిపోయింది. పెట్టినచోటల్లా నెత్తురు, కొన్నిచోట్ల చీము. తోముకుంటే నెత్తురొస్తోందని బ్రష్ పక్కన పడేసి, చాలా నెలలుగా ఉప్పూ పసుపూ వేలితో రుద్దుకుంటోందని అప్పారావే చెప్పాడు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది చేసే తప్పే ఇది. మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకున్నవాళ్ళూ చేస్తారు. పళ్ళ అంచున పేరుకున్న గార వల్ల చిగురు వాచి నెత్తురు కారుతుంటే, నింద బ్రష్ మీద వేస్తారు. తోమడం మానేస్తే గార ఇంకా పెరుగుతుంది.

స్కేలింగ్ చేయాలంది డాక్టరమ్మ. గార తీసి శుభ్రం చేయడమన్నమాట. అప్పారావు అడ్డం పడ్డాడు. క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్ళూ ఊడతాయన్నాడు. షుగరున్న మనిషి నోరు ముట్టుకోకూడదన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది.

"అసలు రోగం పళ్ళల్లో లేదండి మేడం. హాస్టల్లో దొంగచాటుగా తీపి తింటంది. మాత్రలు మింగి, జొన్నరొట్టె తినేదానికి షుగరెందుకు దిగదండి?"

సుగుణ నోరు తెరిచి ఉంది. ఒకవైపు డాక్టరమ్మ అద్దం, ఒకవైపు నా గొట్టం. జవాబు చెప్పే వీలే లేదు. కంటి డాక్టరుకూ, హాస్టల్ యజమానికీ కూడా ఇదే మాట చెప్పానని అతను గొప్పగా చెప్పుకుంటూ పోయాడు. ఈ పనిలో చాలాసార్లు చూశాను. భార్య నోరు తెరిచి పడుకుంటే మొగుడికి మాటలు పెరుగుతాయి. ఆమె కంటి కొనల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

నేను డాక్టరమ్మను అడగలేదు. గొట్టం బయటికి తీసి మెషీన్ ఆపేశాను.

"లే బిడ్డా, ఉమ్మెయ్యి. ఇగ నువ్వు చెప్పు. తిన్నవా?"

"మధ్యలో నువ్వెవరివి?" అన్నాడు అప్పారావు.

"గొట్టం పట్టేదాన్ని. అందుకే తీసిన."

గొంతులు విని రిసెప్షన్‌లో కూర్చునే రేష్మ తలుపు దగ్గరికి వచ్చింది. సుగుణ నెత్తురు ఉమ్మి, మూతి తుడుచుకుని, మొగుడి వైపు చూడకుండా డాక్టరమ్మతో మాట్లాడింది.

"పాయసం వండినా రుచి హాస్టల్ పిల్లల చేతే చూపిస్తానండి. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. మీరు క్లీనింగ్ చేసెయ్యండి. ఊడితే నా పళ్ళే కదా, ఈయనవి కావు."

అప్పుడు డాక్టరమ్మ అప్పారావుకు విడమరిచి చెప్పింది. చిగుళ్ళలో చీముంటే షుగర్ దిగనంటుంది, దిగని షుగర్ చిగుళ్ళను మాననివ్వదు, ఒకదాన్నొకటి ఎగదోస్తాయి అంది. షుగర్ చూసే డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఒక్కరోజులో కాకుండా కొద్దికొద్దిగా గార తీసింది. తీశాక కొన్ని పళ్ళు వదులుగా ఉన్నట్టనిపించాయి. అన్నాళ్ళూ వాటిని గారే సిమెంటులా పట్టి ఉంచింది మరి. చిగుళ్ళు మానాక గట్టిపడ్డాయి. నొప్పి పెట్టిన ఆ ఒక్క పన్ను మాత్రం దక్కలేదు.

మూడు నెలల తర్వాత రక్తపరీక్షలో షుగర్ దిగింది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ మా క్లినిక్‌కు వచ్చారు. మధ్యలో మాత్రలు కూడా మార్చారు, గొప్పంతా మనదే అనుకోవద్దని డాక్టరమ్మ మాకు గట్టిగా చెప్పింది. ఆ మాటే పట్టుకుని అప్పారావు, చూశారా, మాత్రలు మారినందుకే దిగిందన్నాడు.

"మాత్రలు మారాయండి. నా తిండి మారలేదు. అప్పుడూ ఇదే తిన్నాను," అంది సుగుణ. తప్పయిందని మాత్రం అతను అనలేదు. కంటి దవాఖానవాళ్ళు ఈసారి ఆమెను వెనక్కి పంపలేదు.

చెప్పకుండా గొట్టం తీసినందుకు డాక్టరమ్మ నన్ను మందలించింది. ఆమె చెప్పింది న్యాయమే. అయినా మళ్ళీ అలాంటి మొగుడు వస్తే మళ్ళీ తీస్తాను. షుగర్ దిగని మనిషి కంచంలోకి తొంగిచూసే ముందు ఆమె చిగుళ్ళు చూపించండి. ఏం తింటోందో తెలుసుకోవాలంటే ఆమెనే అడగండి, ఆమెకు మాట్లాడే వీలున్నప్పుడు.

ఆ మంగళవారం అక్కడ ఉన్నవాళ్ళం ఐదుగురం. డాక్టర్ స్వర్ణలత, తలుపు దగ్గర రేష్మ, గోడకానుకుని అప్పారావు, గొట్టంతో నేను, అంటే బాలమణిని, కుర్చీలో లేచి కూర్చున్న సుగుణ.