చివరి మనిషి దిగేదాకా

కొండ దిగి వచ్చిన పిల్లల బూట్ల నుంచి తడి ఎర్రమట్టి వాసన వస్తే చాలు, నాకు ఎర్రమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది. ఈ ఏడు కూడా మా దీవిలో, మాయాబందర్‌లో, కొండెక్కి దిగే పందెం జరిగింది. బహుమతులు ఇచ్చేద్దామని అందరికీ తొందర. ఇంకా ఒక అమ్మాయి దిగాలి. గమ్యం దగ్గర అడ్డంగా కట్టే పడవ తాడు కొస నా చేతిలోనే ఉంది; నేను వదిలితేనే పందెం ముగిసినట్టు.

పెద్దమ్మ మా పక్కింటావిడ. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ మొదట గుడిసెలు వేసుకున్న వాళ్లలో ఒకరు. ఆ రోజుల్లో వానలు వెలిశాక, పడవలు దించే ముందు ఎవరో ఒకరు కొండెక్కి అవతలి సముద్రం చూసి రావాలి. మా ఒడ్డుకు అది కనబడదు. ఆ పనికి కుర్రాళ్లు పోటీలు పడుతుంటే, దాన్ని ఏటేటా పందెం చేసింది పెద్దమ్మే. ముందు దిగినవాడి మాట మీద పడవలు కదిలేవి. ఆడపిల్లలెందుకని మా నాన్న సణిగితే, "ఆళ్లకి కళ్లు లేవేటి?" అని నోరు మూయించింది.

నేను మొదటిసారి పరిగెత్తిన ఏడు అందరికన్నా ముందు దిగింది మా వీధి సింహాద్రి. రొప్పుతూ, "అంతా సాఫ్ ఉంది," అన్నాడు. నాన్న పడవ అప్పటికే సగం నీళ్లలో ఉంది. జలగలు పట్టిన కాళ్లతో అందరికన్నా చివర నేను దిగాను. "పెద్దమ్మా, దూరంగా బండల కాడ కెరటాలు తెల్లగా ఇరుగుతున్నాయి. ఎనకాల మబ్బు నల్లగా ఉంది," అన్నాను. ఎవరో నవ్వారు. "ఆఖర్న వచ్చినదాని మాటేటి? చలో," అంటూ నాన్న పడవ నెట్టబోయాడు. వెళ్లిపోతాడన్న భయంతో నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

పెద్దమ్మ సింహాద్రి వైపు తిరిగింది. "పైన ఎంతసేపు నిలబడ్డావురా?" వాడు తల దించుకున్నాడు. కొండ కొన మీద పాతిన జెండా కర్ర ముట్టుకుని అటునుంచి అటే తిరిగేశాడట. ఆవిడ వెళ్లి నాన్న పడవ తాడు నడుముకు చుట్టుకుని ఇసుకలో చతికిలబడింది. "నెట్టు తమ్ముడూ. నన్నూ ఈడ్సుకుపో."

నాన్న తిట్టుకుంటూనే ఆగాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఒడ్డున ఉన్న పడవలను కూడా కొబ్బరిచెట్లకు కట్టుకోవాల్సి వచ్చింది. ఆ సాయంత్రం నాన్న నా కాళ్లకు పసుపు రాశాడు.

గెలిచినవాడికి దండ వేసుకుంటే వేసుకోండి గానీ, చివరి మనిషి దిగి చూసింది చెప్పేదాకా పడవ కదలకూడదని మర్నాడు పెద్దమ్మ తేల్చి చెప్పింది. కొందరు గొణిగారు. ఆవిడ లెక్కచేయలేదు. బతికినన్నాళ్లూ ఆ తాడు పట్టుకుని తనే కూర్చుంది.

ఇప్పుడు తుపాను కబురు ఫోన్లోనే వస్తుంది. "దీదీ, ఛోడో నా, తాడు వదిలెయ్. జనం ఎల్లిపోతున్నారు," అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు. నేను కదల్లేదు. కాసేపటికి ఆ అమ్మాయి కుంటుకుంటూ దిగింది. సిగ్గుతో పక్కనుంచి తప్పుకోబోతే చెయ్యి పట్టుకున్నాను.

"పైనుంచి ఏటి చూసినావమ్మా?"

ఆ పిల్ల ఊపిరి తీసుకుని, సముద్రం ఎలా ఉందో మొదటినుంచి చెప్పింది. అంతా విన్నాక తాడు వదిలాను.