నాచులో ఎవరో తీసిన బొక్క

మా చిన్నప్పుడు... తొలకరికి కుంట నిండిందంటే మా నాయన చేతికి గాలం వచ్చేసేది. పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో మా పల్లె. కుంట ఊరిది కాదు, మా చేనులోది. పంపకాల్లో నాయన వాటాకు వచ్చింది. పక్క చేను ఆయన తమ్ముడిది, అంటే మా చిన్నాయనది.

నీళ్ళ మీద నాచు ఎంత మందంగా పరుచుకునేదంటే, తెలియనివాళ్ళు నేల అనుకుని అడుగు వేస్తారేమో అనిపించేది... నాయన వెదురుకట్టెతో ఆ నాచును పక్కకు తోసి, చాటంత బొక్క చేసేవాడు. కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి కదా... తెరిపి ఎక్కడ ఉంటే అక్కడికే వస్తుంది. అందులోకి గాలం వదిలి, బీడీ కూడా ముట్టించకుండా కూర్చునేవాడు. చేపకు వాసన తెలిసిపోతుందని ఆయన నమ్మకం!

ఒకరు తీసిన బొక్కలో ఇంకొకరు గాలం వేయకూడదు. కుంట గలవాణ్ణి అడగకుండా కొత్త బొక్క తీస్తే అది దొంగతనమే. మా పక్క అదొక కట్టుబాటు.

ఒక ఏడాది అవతలి గట్టున, తుంగ పక్కన, కొత్త బొక్క కనబడింది. గుండ్రంగా, శుభ్రంగా... నాయన తీసింది కాదు. పైగా అది సరిగ్గా చిన్నాయన చేను వైపు!

అంతే... ఇంట్లో అనుమానం మొదలైంది. నాయన నాచు జరిపి దాన్ని మూసి వస్తే, మళ్ళీ తెరుచుకునేది. మా అమ్మ ఊరికే ఉంటుందా! కరివేపాకు వంకతో చిన్నాయన ఇంటికి పోయి, పొయ్యి మీది కుండ మూత ఎత్తి చూసొచ్చింది. ఉలవచారు.

"మనం వస్తామని తెలిసి యాడో దాచిపెట్టినారు" అంది.

నాకూ అదే నిజమనిపించింది. చిన్నాయన నవ్వితే ఎందుకు నవ్వాడా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని...

చివరికి నాయన గట్టు మీదే నిలదీశాడు.

"నా కుంటలో బొక్క ఎవుడు తీస్తాండాడు రా?"

"నాకేం తెలుసన్నా? నేను ఈడికి రానే రాలే."

"అట్లయితే ఆంజనేయస్వామి ముందర కర్పూరం ఆర్పు."

మా పక్క కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తే ఇక ఆ మాటకు తిరుగులేదు. అబద్ధమైతే వంశమే నాశనమైపోతుందని భయం. సొంత తమ్ముణ్ణి, అదీ చేపల కోసం, ఎవరూ అంత మాట అడగరు. చిన్నాయన ముఖం నల్లబడింది. గుడికి నడిచాడు. ఊరందరి ముందు, వెలిగే కర్పూరం మీద అరచెయ్యి పెట్టి ఆర్పాడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, గుడి మెట్ల మీద కూలబడి ఏడ్చింది...

అంతటితో ఊరుకోవాలా? నాయనకు మనసు కుదుటపడలేదు. మర్నాడు పొద్దున్నే పోయి తుంగ చాటున కాపలా కూర్చున్నాడు. నేను సంగటి తీసుకుపోతే, నోటి మీద వేలు పెట్టి సైగ చేసి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

నాచు కదిలింది... మనిషి ఎవరూ లేరు. నీళ్ళలో రెండు పెద్ద కొరమీన్లు! నోటితో నాచు కొరికి, తోకతో పక్కకు నెట్టి, ఆ బొక్కను సవరిస్తున్నాయి. మధ్యలో పచ్చగా నూకల్లా గుడ్లు తేలుతున్నాయి. పిల్లల కోసం చోటు చేసుకుంటున్నాయన్నమాట! ఎప్పుడూ తన గాలం దగ్గరే కూర్చున్న మనిషికి ఆ సంగతే తెలియలేదు.

నాయన సంగటి ముట్టలేదు. నేరుగా చిన్నాయన ఇంటికి నడిచాడు, వెనకాలే నేను. వాకిట్లో నిలబడి చూసిందంతా చెప్పాడు. "తప్పు నాదేరా... రా, నువ్వే చూద్దువు గాని" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ అరచేతిలో బొబ్బ ఇంకా పచ్చిగానే ఉంది.

చిన్నాయన మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు.

"కర్పూరం ఆర్పినా నమ్మక కాపలా కూసున్నావు గదన్నా... నా మాట చాలలే. చేపలొచ్చి సాక్ష్యం చెప్పాల్సొచ్చె."

ఆ తర్వాత దారిలో ఎదురైతే పలకరింపులు ఉన్నాయి, పెళ్ళిళ్ళకు పిలుపులు ఉన్నాయి. కానీ మా ఇంట్లో ఆయన మంచినీళ్ళు కూడా తాగలేదు. నాయన పోయిన రోజు కూడా వాకిట్లోనే నిలబడి వెళ్ళిపోయాడు. నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇప్పుడు చేనుకొక కెమెరా పెట్టి ఫోన్‌లో చూసుకుంటున్నారు... ఎవరినీ ప్రమాణం అడగాల్సిన పని లేదు, నిజం ఇట్టే తెలిసిపోతుంది. మా నాయనకూ తెలిసింది... తెలిసి ఏం లాభం? తమ్ముడు తిరిగి రాలేదు.

మీ ఇళ్ళల్లో కూడా ఇలా కర్పూరం ఆర్పించిన తగాదాలు ఉన్నాయా? అనుమానం తీరాక ఆ మనుషులు మళ్ళీ కలిశారా? కలిసి ఉంటే చెప్పండి... వినాలని ఉంది.