పాదాల పరీక్షలో కాపీ

నా రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెలలో, కరీంనగర్ వైపు ఒక నేత పట్టణంలోని సర్కారు దవాఖానకు నన్ను హెడ్ నర్సుగా బదిలీ చేశారు. పేరుకే హెడ్. నా కింద ఉన్నది ఒక్క స్టాఫ్ నర్సు, ఆమె కూడా ప్రసూతి సెలవులో ఉంది. ప్రతి గురువారం షుగర్ క్లినిక్ నడపడం నా బాధ్యత.

బరువు, బీపీ, వేలి రక్తం చూశాక అక్కడ పాదాల పరీక్ష ఉంటుంది. షుగర్ ముదిరితే అరికాళ్లకు స్పర్శ పోతుంది. ముల్లు దిగినా తెలియదు. పుండు పడి, ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది. అందుకే రోగిని పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ పోగును అరికాలి మీద అక్కడక్కడ వంగేదాకా ఆనిస్తాం. తగిలినప్పుడల్లా "తాకింది" అనాలి. అంతే.

నేత పట్టణంలో దారం పట్టుకుని బయల్దేరడమే నా పొరపాటు. రాజమల్లన్న ముప్పై ఏళ్లుగా సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసిన మనిషి. మొదటి రోజే ఆ పోగును వేళ్ల మధ్య నలిపి చూసి, "గిదేం దారం చెల్లె? సాంచ మీద ఒక్క గడియ నిలువది. సర్కారుకు ఎవడో టోపీ పెట్టిండు" అని తేల్చేశాడు. కాలు ముట్టుకోబోతే చటుక్కున ముడుచుకుని, ఆడబిడ్డతో కాళ్లు పట్టించుకుంటే పాపమని పేచీ. చివరికి, తనే ముందుగా నా కాళ్లకు మొక్కాకే పడుకున్నాడు. అది చూసి వరుసలో ఉన్న మగవాళ్లందరూ మొక్కడం మొదలుపెట్టారు. మా డాక్టరుగారు గది తలుపు తీసి, చూసి, మళ్లీ వేసుకున్నారు.

పరీక్షలో మాత్రం రాజమల్లన్న ఫస్టు. పోగు ఆనిన ప్రతిసారీ "తాకింది". నాలుగు నెలలు వరుసగా కార్డులో టిక్కు పెట్టి పంపాను. అయిదో నెలలో నాకు గాజుల చప్పుడు వినిపించింది. డ్యూటీలో నేను గాజులు వేసుకోను. ఆయన తల దగ్గర నిలబడ్డ భార్య లచ్చవ్వ చేతులకు మాత్రం నిండుగా మట్టిగాజులు. నేను వంగి, పోగు ఆనించకుండా ఊరికే ఆగాను. గాజులు గలగలమన్నాయి. "తాకింది!" అన్నాడు రాజమల్లన్న, ధీమాగా.

ఓరి దేవుడా అనుకుని, లచ్చవ్వను వరండాలో కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెట్టాను. రెండు పాదాలూ పూర్తయ్యాయి. ఆయన కళ్లు తెరవకుండానే, "ఎంతసేపు చెల్లె? జర షురూ చెయ్యి, సాంచకాడ పనున్నది" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. తడిబట్టతో మడమ తుడిచి చూశాను. పగులులో ఇనుప తీగ ముక్క దిగి ఉంది, చుట్టూ చీము. ఎన్నాళ్లయిందో ఆయనకే తెలియదు. వరుస పెద్దదని, "తాకింది" అన్నాడు కదా అని, ఇన్ని నెలలూ ఆ మడమను నేను తుడిచి చూడలేదు. చచ్చేంత సిగ్గేసింది.

లచ్చవ్వ బోరుమని ఏడ్చింది. "దారం తాకలేదంటే కాలు తీసేస్తరని మా గల్లీల అన్నరు సిస్టరమ్మా. కాలు పోతే సాంచ ఎవలు నడిపిస్తరు? గందుకే జర ఇషారా ఇచ్చిన." నువ్వు అలా గాజులతో సైగ చేస్తేనే కాలు పోతుందని గట్టిగా అరిచాను. ఆ కోపం సగం ఆమె మీద, సగం నా మీద.

డాక్టరుగారు తీగ తీసి శుభ్రం చేశారు. ఆరు వారాలు రోజు విడిచి రోజు కట్టు కట్టాం. కాలు దక్కింది. ఆ తర్వాత ఆయన పాదాలను లచ్చవ్వకే అప్పగించాను. సాంచ దిగి రాగానే కడగడం, వేళ్ల సందులతో సహా తుడిచి చూడటం, చెప్పులు దులిపి ఇవ్వడం ఆమె పని. కొన్నాళ్లకు ఆయనే ఫిర్యాదు చేశాడు: "గీమె నీకన్న ఎక్కువ పరేషాన్ చేస్తున్నది చెల్లె. ఉత్తకాళ్లతోని వాకిట్లకు సుత పోనిస్తలేదు."

మిగిలిన సర్వీసంతా నేను ముందు పాదాలు కడిగి చూసి, ఆ తర్వాతే పోగు పట్టాను. ఇంటి దగ్గర ఆ పని ఎవరికి అప్పగించాలన్నది కూడా పెద్ద సమస్య కాలేదు. పరీక్షలో రోగికి కాపీ అందించేది ఎవరో కనిపెట్టి, వాళ్లకే అప్పగించేదాన్ని.