పెద్దమ్మ ఎక్కిన మెట్లు

ఒక చిన్న అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. చిన్నది అని ఇప్పటికీ అంటున్నానంటే చూడండి, నా బుద్ధి ఎంత మారిందో. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అనేది. ఇది మాత్రం ఇన్నేళ్ళూ నానింది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

పెళ్ళైన కొత్తలో పాల్వంచలో ఒక ఇంటి పై భాగంలో అద్దెకుండేవాళ్ళం. ఇళ్ళల్లోకి ఇంటర్నెట్ అప్పుడప్పుడే వస్తోంది. మా ఆయనది పవర్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో ఉంటే నిద్రపోయేవాడు, మెలకువగా ఉంటే డ్యూటీలో ఉండేవాడు. పెళ్ళికి ముందు నేను ఖమ్మంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. రోజంతా వాగి వాగి గొంతు పోయే ఉద్యోగం. అలాంటిదాన్ని, పాల్వంచ వచ్చాక కుక్కర్ విజిల్‌కి జవాబు చెప్పే స్థితికి వచ్చాను.

కింద ఇంటివాళ్ళు ఉండేవారు. చుట్టరికం లేకపోయినా పెద్దమ్మ, పెదనాన్న అని పిలిచేదాన్ని. పెదనాన్న రిటైర్ అయ్యే ముందు ఆఫీసులో పాత సామాను వేలం వేస్తే ఒక కంప్యూటర్ పాడుకుని తెచ్చాడు. దానికి పెద్దమ్మ పువ్వులు కుట్టిన గుడ్డ కప్పి పెట్టింది. దాన్ని చూస్తే కొత్త కోడలు ముసుగేసుకుని కూర్చున్నట్టుండేది.

పెద్దమ్మకు ఒక్కతే చెల్లెలు. పుట్టు చెవుడు, మాట రాదు. బూర్గంపాడులో వాళ్ళ చిన్నతనంలో ఆమెను బడికి పంపినవాళ్ళు లేరు. పెళ్ళయ్యాక కర్ణాటకలో, సింధనూరు దగ్గర మనవాళ్ళు వెళ్ళి వ్యవసాయం చేసుకుంటున్న క్యాంపుకు వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే వినపడదు. ఉత్తరం రాస్తే చదవలేదు. ఇద్దరికీ అంత దూరం ప్రయాణం చేసే ఓపిక పోయింది. వాళ్ళకున్నదల్లా చిన్నప్పుడు తమకు తామే కల్పించుకున్న సైగలు. రెండు అరచేతులూ అలా సాగదీస్తే గోదావరి. ముక్కు కొస పట్టుకుని లాగితే 'అబద్ధం'. మిఠాయి తెస్తానని చెప్పి మరిచిపోయే వాళ్ళ నాన్న కోసం పుట్టిన సైగ అట అది. ఆ భాష ఈ లోకంలో ఇద్దరికే వచ్చు.

విషయం తెలిశాక నేనే ఉత్సాహపడ్డాను. పైన మా ఇంట్లో వైర్‌లెస్ మోడెమ్ ఉంది. కింద పాత కంప్యూటర్‌కి ఆ నెట్ అందుకునే వైర్‌లెస్ పుల్ల ఒకటి, ఒక కెమెరా తగిలించాను. అటువైపు చెల్లెల్ని ఆమె కోడలు సింధనూరులో నెట్ సెంటర్‌కు తీసుకొచ్చింది. తెర మీద చెల్లెలి ముఖం కనపడగానే పెద్దమ్మ ముందు చేసిన పని, కొంగుతో తెర తుడవడం. తర్వాత ఇద్దరి చేతులూ ఆగలేదు. పెదనాన్న బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. అప్పట్నుంచి ప్రతి గురువారం సాయంత్రం అక్కాచెల్లెళ్ళ ముచ్చట్లు.

ఇక్కడిదాకా నేను మంచిదాన్నే.

వెనక వీధిలో అద్దెకున్న కుర్రాళ్ళు మా నెట్ వాడేస్తున్నారని మా ఆయన కనిపెట్టాడు. మోడెమ్‌కు గట్టి తాళం వెయ్యమన్నాడు. వేశాను. పాస్‌వర్డు 'తునికిపండు'. పెద్దమ్మ అడవి నుంచి వచ్చే ఆడవాళ్ళ దగ్గర ఆ పళ్ళు కొని నాకు దోసిలినిండా పోసేది, అందుకని. కానీ కింది పాత కంప్యూటర్ తయారైన రోజుల్లో అలాంటి తాళమే లేదు. పాస్‌వర్డు అడగను కూడా అడగలేదది. మన నెట్‌వర్క్ కనపడుతుంది, లోపలికి మాత్రం పోదు. ఆ గురువారం వేరే దారి లేక పెద్దమ్మ మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది.

ఆ మెట్లు నిటారుగా ఉండేవి. ఆమె మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి. అయినా ప్రతి గురువారం గంట ముందే పైకి వచ్చి కూర్చునేది. చిక్కుడుకాయలు ఈనెలు తీసేది. నా జడ విప్పి నూనె రాసేది. చెల్లెలితో మాట్లాడటం అయిపోయాక కూడా కూర్చునేది. నాకొక పేరు కూడా పెట్టారు ఇద్దరూ కలిసి: రెండు వేళ్ళతో గాలిలో మెట్లెక్కి, ఆ వేళ్ళతోనే బుగ్గ గిల్లుకోవడం. మెట్ల మీది పిల్ల. తెరలో ఆ చెల్లెలు ఆ సైగ చేసి నవ్వుతుంటే, ఆ ఊరొచ్చాక మొదటిసారి నాకు ఒకరి మనిషినన్న ధైర్యం కలిగింది.

ఖమ్మం సెంటర్‌లో నాతో పనిచేసిన స్నేహితురాల్ని అడిగితే ఉపాయం చెప్పింది. పాత కంప్యూటర్‌లో ఒక చిన్న ఫైలు వేస్తే చాలు, కొత్త తాళం దానికి అర్థమవుతుంది. ఫైలు దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. కిందికి వెళ్ళి వెయ్యాలి, అంతే. ఆ సాయంత్రమే పెద్దమ్మ ఆయాసపడుతూ వచ్చి, గడప దగ్గర మోకాలు పట్టుకుని నిలబడింది.

"ఏంది బిడ్డా, కిందిది ఇగ పనిచెయ్యదా? ఏదన్న ఉపాయం ఉంటే చూడరాదు. ఈ మెట్లు నన్ను తింటున్నయ్."

"చెయ్యదు పెద్దమ్మా. అది పాతదైపోయింది. ఈ తాళం దానికి తెల్వదు."

"అవ్ తియ్. దానికి గూడ నా లెక్కనే మోకాళ్ళు పోయినయ్." నవ్వింది. "పైకొస్తే ఏమాయె. నీ మొఖం చూసినట్టుంటది."

పెన్‌డ్రైవ్ నా పక్కనున్న సొరుగులోనే ఉంది. ఎందుకు అలా అన్నాను? ముందుగా అనుకున్నది కాదు. నోరు తెరిస్తే వచ్చేసింది. అది పనిచేస్తే ఆమె ఇక పైకి రాదు, మళ్ళీ నేనూ కుక్కర్ విజిలూ మిగులుతాం. ఆ భయమే కావచ్చు. ప్రేమతో చేశాను అనుకోవడం నాకు హాయిగా ఉంటుంది. కానీ మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తూ, ఇంకొన్నాళ్ళు ఎక్కు అనుకోగలిగేది ప్రేమేనా?

వానలు మొదలయ్యాక ఆమె మోకాళ్ళు వాచాయి. మెట్లు ముట్టుకోవద్దని దవాఖానాలో చెప్పారు. గురువారం వస్తే వచ్చి కింది మెట్టు మీద కూర్చునేది, గోడకు చెయ్యి ఆనించి. "వచ్చేవారం ఎక్కుత బిడ్డా" అనేది. పైన నా కంప్యూటర్లో ఆమె చెల్లెలు నా భుజం వెనక ఎవరైనా కనపడతారేమోనని మెడ సాగదీసి చూసేది. నేను మోకాళ్ళు చూపించి, నొప్పి అని సైగ చేశాను. ఆమె వేలు కిందికి చూపించింది, కింది పెట్టె ఏమైందని. అది ముసలిదైపోయిందని నడుం వంచి చూపించాను.

ఆమె నా వంక చూస్తూ ముక్కు కొస పట్టుకుని లాగింది.

నెట్ సెంటర్ కెమెరాలో బొమ్మ మసగ్గా ఉండేది. ముక్కు దురద పెట్టిందేమో. సరదాకి అన్నదేమో. ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. అప్పుడైనా కిందికి పరుగెత్తి ఆ ఫైలు వెయ్యొచ్చు కదా? కానీ పనిచెయ్యదని అంత గట్టిగా చెప్పినదాన్ని, ఇప్పుడు ఏ ముఖంతో వెయ్యను? వచ్చే వారం ఏదో ఒకటి చెప్పి వేద్దాం అనుకున్నాను. తర్వాతి వారం కూడా అదే అనుకున్నాను. నా పరువు నాకు ముఖ్యమైంది. అలా ఆ వానాకాలమంతా గడిచింది.

దసరా ముందు సింధనూరు నుంచి ఫోన్ వచ్చింది. చెల్లెలు నిద్రలోనే పోయిందని.

పెద్దమ్మ వెళ్ళలేకపోయింది. పెదనాన్న ఒక్కడే వెళ్ళి వచ్చాడు. దినాలైపోయాక ఒక మధ్యాహ్నం నేను పెన్‌డ్రైవ్ తీసుకుని కిందికి వెళ్ళి, పువ్వుల గుడ్డ తీసి, ఆ ఫైలు వేశాను. పాస్‌వర్డు అడిగింది. తునికిపండు అని కొట్టాను. ఏ పేచీ పెట్టకుండా కలిసింది.

"కొత్తగా ఏదో వచ్చింది పెద్దమ్మా. ఇప్పుడు పనిచేస్తది" అన్నాను. రెండో అబద్ధం.

ఆమె నా తల నిమిరింది. "మంచిది బిడ్డా. ఎవర్ని చూడాలె ఇగ?" అని గుడ్డ మళ్ళీ కప్పింది.

మాకు తర్వాత బదిలీ అయింది. ఇప్పటికీ భద్రాచలం వెళ్ళినప్పుడల్లా పాల్వంచలో ఆగుతాం. వచ్చినవాళ్ళందరికీ పెద్దమ్మ నన్ను చూపించి, ఈ పిల్ల లేకుంటే నా చెల్లె మొఖం చూడకపోదును అని చెప్తుంది. మా ఆయన గర్వంగా నవ్వుతాడు. నేను అన్నం తింటాను, పచ్చడి బాగుందంటాను. బయల్దేరేటప్పుడు ఆమె గుమ్మంలో నిలబడి రెండు వేళ్ళతో గాలిలో మెట్లెక్కి బుగ్గ గిల్లుకుంటుంది. ఆ సైగ చేసేది ఇప్పుడు ఆమె ఒక్కతే. అర్థమయ్యేది నా ఒక్కదానికే.

ప్రతిసారీ బదులుగా చెయ్యాల్సిన సైగ ఏదో నాకు తెలుసు. చెయ్యి పైకి లేస్తుంది. టాటా చెప్పి దించేస్తాను. చెప్తే ఆమె క్షమిస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆమె క్షమించగలిగేది తన మోకాళ్ళ సంగతి వరకే. మెడ సాగదీసి నా భుజం వెనక వెతికిన మనిషి తరఫున ఎవరు క్షమిస్తారు?

మీ ముందు చేస్తున్నాను. మీకు కనపడదు. ఇది రాయడం ఆపి, ముక్కు కొస పట్టుకుని, లాగాను.