సల్గర్ చాయ్ ఎందుకు తాగడు?

"తుళసా సస్తది," అంది సుమిత్ర, బీడీ మూతి గోటితో మడుస్తూ. "పక్కా సస్తది, సూస్తుండుండ్రి."

టీవీలో ప్రకటనలు వస్తున్నాయి. సుమిత్ర ఇంటి ముందుగదిలో ముగ్గురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నారు. నాలుగో చాప ఖాళీగా ఉంది. అది మనీషాది. ఆమె వారం నుంచి రావడం లేదు. మొగుడు నితిన్ నడుము విరిగి దవాఖానాలో పడి ఉన్నాడు. ఆ చాపను చుట్టి మూలన పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"ఎందుకు సస్తది అత్తా? ఎంత మంచిగ నవ్వుతది ఆమె," అంది సుమిత్ర కోడలు శీతల్.

"పాతదాంట్ల ఉన్నదా తుళసా? లేదు గదా. మరి ఏడికి పోయింది?"

పాతది ఇన్‌స్పెక్టర్ సల్గర్ సీరియల్. ఏళ్ల తరబడి మరాఠీలో నడిచింది. అందులో సల్గర్ ఖూనీ కేసులు విప్పుతాడు. నవ్వడు. ఎవరి మాటా నమ్మడు. ఏ ఇంటికి వెళ్లినా, ఏడుస్తున్న తల్లి చేత్తో ఇచ్చినా సరే, చాయ్ మాత్రం ముట్టడు. ఎందుకు ముట్టడో చెప్పకుండానే ఆ సీరియల్ అయిపోయింది. ఇప్పుడు వస్తున్నది దానికి ముందు జరిగిన కథ. ఇందులో సల్గర్ ఇంకా కొత్త కానిస్టేబులు. పెద్దవాళ్లు పిలిస్తే సిగ్గుపడతాడు. స్టేషను ఎదురుగా తుళసా నడిపే బండి దగ్గర గ్లాసు మీద గ్లాసు చాయ్ తాగుతాడు. ఈ పిల్లవాడు ఆ రాయి ఎలా అయ్యాడన్నదే చూసేవాళ్లందరి ప్రశ్న. కిందటి వారం తుళసా కళ్ల ముందే ఒక ఖూనీ జరిగింది. చేసినవాడు డబ్బున్నవాడి కొడుకు. చూసింది చెప్పమని సల్గర్ ఆమెను బతిమాలుతున్నాడు.

శీతల్ మోకాలి కింద ఉన్న ఫోన్ తీసింది. "ఈడ గూడ అందరు గదే రాస్తున్నరు. సల్గర్ మాట నమ్మి తుళసా సాక్షి చెప్తదంట. వాళ్లు ఆమెను ఖతం జేస్తరంట. అందుకె ఇగ సల్గర్ చాయ్ ముట్టడంట." ఫోన్ మళ్లీ మోకాలి కింద పెట్టి నవ్వింది. "నాకైతె ఆమెకు ఊరవతల కుంభారిల బీడీలోళ్లకిచ్చే సర్కారు ఇల్లొచ్చిందనిపిస్తది. రాయ్‌నగర్ కాలనీకి పోయినోళ్లు మల్ల ఎవరికి కనవడ్తుండ్రు?"

సుమిత్ర నవ్వలేదు. చాటలోకి చూస్తూ అంది: "నోరు మూస్కొని చాయ్ అమ్ముకుంటె బతికేది. గంతే గదా కమలా?"

కమల దారం కొసను పళ్లతో తెంపింది. "నాకేం దెలుసు వదినె."

ఆ మాట ఆ గదిలో ఎవరూ నమ్మలేదు. ఏ సీరియల్‌లోనైనా ఎవరు ఎప్పుడు మారతారో, ఎవరు అబద్ధమాడుతున్నారో కమల ముందే చెబుతుంది. చెప్పొద్దు తల్లీ, మమ్మల్ని చూడనియ్యి అని మిగతావాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. వారం నుంచి ఆమె ఒక్క అంచనా కూడా చెప్పలేదు.

*

కమల తాత కరీంనగర్ వైపు నుంచి సోలాపూర్ వచ్చాడు. ఆమె ఇక్కడే పుట్టింది, తల్లి చాట పక్కనే పని నేర్చుకుంది. ఇప్పుడు ఆమె ఉండేది కొంతం చౌక్ దాటాక ఒక సన్నటి గల్లీలో, గోవర్ధన్ సేట్ చాళ్‌లో ఒక గది. గదికి ఎదురుగా సేట్ కార్ఖానా. ఆమె మొగుడు గంగాధర్ అందులోనే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతాడు. పగలంతా ఆ గోడ లోపల ఒక పెద్ద వాన కురుస్తున్నట్టు ఉంటుంది. ఆ వానలో తువ్వాళ్లు పుడతాయి.

పొద్దున పూట కమల ఆకు కత్తిరిస్తుంది. తడిపిన తునికాకు మీద రేకుముక్క ఆనించి కత్తెర తిప్పేటప్పుడు కళ్లు అక్కడే ఉండాలి. మధ్యాహ్నం దాటాక చుట్టడం. అప్పుడు కళ్లకు పని లేదు. తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, అన్నీ వేళ్లకు తెలుసు. సీరియల్ అయిపోయాక తన గడపలోకి వచ్చి కూర్చుంటుంది. చేతులు ఒళ్లో పని చేసుకుంటుంటే చూపు గల్లీలోకి వెళ్లి తిరుగుతుంది, గాలికి వదిలేసిన నూలుపోగులాగా. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఏ పిల్ల ఏడ్చి మొహం కడుక్కుందో ఆ చూపుకు అందుతుంది.

ఆ గడపలోంచి కార్ఖానా పక్కన ఉన్న ఇనుప మెట్లు కనిపిస్తాయి. కిందటి వారం, పొద్దు వాలుతుండగా, ఆ కార్ఖానాలోనే పనిచేసే నితిన్ ఆ మెట్ల పైనుంచి పడ్డాడు.

శ్రీకాంత్ గెంటాడని నితిన్ చెబుతున్నాడు. శ్రీకాంత్ అంటే గోవర్ధన్ సేట్ బామ్మర్ది, కార్ఖానా చూసుకునేవాడు. నితిన్ తాగి జారిపడ్డాడని శ్రీకాంత్ చెబుతున్నాడు. తాగి పడితే వైద్యం ఖర్చు సేట్‌ది కాదు, నడవలేని మనిషి బాధ్యత కూడా ఎవరిదీ కాదు. ఆ వేళకు గల్లీలో వేరే మనిషి లేడు. గడపలో కమల ఉంది.

ఆ సాయంత్రం గంగాధర్ ఇంటికి రాగానే ఆమె తలుపు వేసింది. ఏళ్ల తరబడి సాంచాల మధ్య నిలబడి అతని చెవులు సగం పోయాయి. మెల్లగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే పక్క గదికి వినపడుతుంది. అందుకని సాంచాల మధ్య పనివాళ్లు మాట్లాడుకున్నట్టు గొంతు లేకుండా పెదవులతో చెప్పింది. అతను ఆమె నోటి వంక చూశాడు. నుదురు ముడుచుకుంది.

"శ్రీకాంత్ గెంటిండా?" అని అరిచాడు.

కమల రెండు చేతులతో అతని నోరు మూసింది. పక్క గదిలో గిన్నె చప్పుడు ఆగింది. ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. చాలాసేపటికి ఆ గిన్నె మళ్లీ చప్పుడు చేసింది.

పక్క గది విన్నదో లేదో ఆమెకు తెలియలేదు. తెల్లారి గోవర్ధన్ సేట్ మాత్రం ఆమె గడప ముందు స్కూటర్ ఆపాడు. ఎప్పుడూ ఆపేవాడు కాదు.

"కమలమ్మా, పోలీసులు రావొచ్చు. ఏం బుగులు వడకు. నువ్వు తల దించుకొని పని జేస్కుంటవు, నీకేం కనవడ్తది? గదే చెప్పు."

"అవ్ సేట్."

"గంగాధర్‌కు చెవులు సరిగ లేకున్నా నేను పనిల ఉంచుకున్న. మనోడని." అద్దంలో జుట్టు సరిచేసుకున్నాడు. "గదికి సున్నం వేపిస్త దీపావళికి."

స్కూటర్ వెళ్లిపోయింది. ఆమె చాటలోకి చూసుకుంది. మొదటిసారి ఆమె వేళ్లు చుట్టిన బీడీ విచ్చుకుపోయింది.

*

పోలీసులు వస్తారనుకుంటే, వారం గడిచాక ఒక్కడే వచ్చాడు. కొత్త కానిస్టేబుల్ అమోల్. బూట్లు బయట విప్పి, గడప పక్కన నేల మీదే కూర్చున్నాడు. కమల చాయ్ పెట్టి ఇచ్చింది.

"మాది దత్తనగర్ మావశీ. తెలుగోళ్లమే," అన్నాడు, మరాఠీలో పిన్ని అని పిలుస్తూ. ఒక గుక్క తాగాడు. "రేపు పెద్ద సాబ్ దీన్ని జారిపడ్డ కేసు అని రాసి మూసేస్తడు. నితిన్ మాట ఒక్కటే ఉన్నది. ఇంకో మనిషి చూసిన అంటెనే నిలవడ్తది. నువ్వు ఈడనే ఉన్నవంట గదా?"

"ఉన్న."

"ఏం జూసినవ్?"

కమల చేతులు ఒళ్లో బీడీ చుడుతున్నాయి. ఆమె అతని ముఖంలోకి చూస్తూ చెప్పింది. "తల దించుకొని పని జేస్కుంటున్న బిడ్డా. ఏం జూడలె."

అమోల్ ఆమె వేళ్ల వంక చూశాడు. అవి దారం చుట్టి ముడి బిగించి, ఇంకో ఆకు అందుకున్నాయి. ఆమె కళ్లు ఇంకా అతని మీదే ఉన్నాయి.

"మా అమ్మ గూడ బీడీలే జేస్తది," అన్నాడు మెల్లగా.

గ్లాసు కింద పెట్టాడు. మిగతా చాయ్ అలాగే ఉంది. బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. చాయ్ మీద మీగడ కట్టేదాకా కమల ఆ గ్లాసును ఎత్తలేదు.

సాయంత్రం ఆమె కొంతం చౌక్‌లో కూరగాయలకు వెళ్లింది. అమోల్ అక్కడ నిలబడి ఉన్నాడు. సిటీ బస్సుకు అడ్డంగా బండి పెట్టాడని ఒక అరటిపళ్ల ముసలాయన మీద కేకలు వేస్తున్నాడు. "జరుపుతున్న సాబ్, చక్రం ఇరికింది," అంటున్నాడు ముసలాయన. "అబద్ధాలు! అందరు అబద్ధాలే!" అని అమోల్ లాఠీతో బండి చెక్క మీద కొట్టాడు. చక్రం నిజంగానే ఇరుక్కుంది. కమలకు అది కనబడుతూనే ఉంది. కొత్తిమీర కట్ట పట్టుకుని ఆమె జనంలోకి తప్పుకుంది.

*

మర్నాడు మధ్యాహ్నం సీరియల్ మళ్లీ మొదలైంది. తుళసా బండి దగ్గర సల్గర్ నిలబడి ఉన్నాడు. చెప్పు అంటున్నాడు. తుళసా మరుగుతున్న చాయ్ వంక చూస్తోంది. సంగీతం ఒక్కసారిగా ఆగిపోయింది. అంతలోనే ప్రకటనలు.

"అయ్యో, ఇప్పుడే రావాల్నా ఈ సబ్బుగాడు!" అంది శీతల్.

"చెప్తది, సస్తది. ఇగ సల్గర్ రాయి అయితడు," అంది సుమిత్ర. ఆమె కొడుకు సేట్ దగ్గరే టెంపో నడుపుతాడు. "చెప్పేటోళ్ల గతి గదే."

"కాదు," అంది కమల.

ఇద్దరూ తలెత్తారు.

"తుళసా చావది. బతికే ఉంటది. మంచిగనే ఉంటది. బండి పెద్దగైతది, దుకాణం అయితది." ఆమె గొంతు మామూలుగానే ఉంది, చేతులే ఆగిపోయాయి. "ఆమె చెప్పదు. ఏం జూడలె అని వాని మొఖం మీద చెప్తది. అబద్ధమని వానికి తెలుస్తది. తెలిసి గూడ ఏం అనడు. మనిషి చచ్చిపోతె ఏడుస్తరు వదినె, చాయ్ మానుకుంటరా? ఎవరి మీద నమ్మకం ఉండెనో ఆమెనే అబద్ధమాడితె మానుకుంటరు. ఇగ ఆ దినం నుంచి ఎవరేం చెప్పినా వాడు నమ్మడు. నిజం చెప్పినోళ్లను గూడ నమ్మడు."

టీవీలో ఎవరో పళ్లు తోముకుంటూ పాడుతున్నారు. శీతల్ నోరు తెరుచుకుని చూస్తోంది. "అబ్బ, కమలక్కా! ఫోన్‌ల ఒక్కలు గూడ ఇట్ల రాయలె."

సుమిత్ర చాట పక్కకు జరిపింది. "సీరియల్ ముచ్చట సీరియల్‌లనే ఉండనీ కమలా. కిరాయి గదిల ఉన్నదానివి."

కమల లేచింది. ఒళ్లోంచి తంబాకు పొడి రాలింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏడికి? ఇంక సగం ఉన్నది సీరియల్," అంది శీతల్.

"పోలీస్ చౌకీకి."

సుమిత్ర లేవలేదు. "నీ మొగని సంగతి ఆలోచించినవా?" అని మాత్రం అంది. శీతల్ కమల చాట అందుకుని, మిగిలిన ఆకు మీద తడిగుడ్డ కప్పింది.

గల్లీలో ఎండ తెల్లగా కాస్తోంది. కార్ఖానా గేటు దగ్గర గంగాధర్ భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నాడు. అటు పక్క శ్రీకాంత్ ఫోన్‌లో మాట్లాడుతూ నిలబడి ఉన్నాడు. కమల గల్లీకి ఇవతలే ఆగింది. గొంతు లేకుండా, పెదవులతో ఒక్క మాట అంది. పోతున్న.

గంగాధర్ చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. అతను ఆమెను చూశాడు, శ్రీకాంత్‌ను చూశాడు. ఒక్క క్షణం అతను తల అడ్డంగా ఊపుతాడనుకుంది. పోవద్దంటే ఆగిపోతానేమో అని కూడా అనుకుంది.

"పో! గది ఖాళీ జేస్తమని సేట్‌కు నేను చెప్త తియ్!" అని అరిచాడు గంగాధర్. మెల్లగానే చెప్పానని అతను అనుకున్నాడు. మేడ మీద బట్టలు ఆరేస్తున్న వాళ్లు కూడా తొంగి చూశారు. శ్రీకాంత్ ఫోన్ చెవి నుంచి దించాడు.

ఆమె పరుగెత్తలేదు. వెనక అడుగుల చప్పుడు వస్తోందా అని మాత్రం చెవి పెట్టి నడిచింది. సాంచాల హోరులో ఏదీ తెలియలేదు. ఆ రోజు తుళసా ఏమందో కమల చూడలేదు.

*

చౌకీలో పెద్ద సాబ్ బల్ల వెనక ఉన్నాడు. అమోల్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి అతని ముఖం మారలేదు.

"ఏం జూడలె అన్నవు గదా," అన్నాడు.

"అన్న. అబద్ధం చెప్పిన."

"మరి ఇప్పుడు చెప్పేది?"

"నువ్వు నమ్మకున్నా సరే. రాసుకో."

సాబ్ మరాఠీలో ఏదో అన్నాడు. అమోల్ కుర్చీ లాక్కుని కూర్చుని కలం తీశాడు. కమల కూర్చోలేదు. అక్కడ చేతులకు పని లేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకు కట్టుకుంది.

"పొద్దు గూకుతుంది. నేను గడపల కూసున్న. నితిన్ మెట్ల మీద ఉన్నడు, కిందికి దిగుతుండు. ఇంకో షిఫ్టు నేను చెయ్య, ఇంటికి పోత అన్నడు, పెదవులు జూసి తెలుసుకున్న. శ్రీకాంత్ పైనుంచి వచ్చి అంగి పట్టిండు. నితిన్ ఇడిపించుకున్నడు. తాగి లేడు. నడక మంచిగనే ఉండె. రెండు అడుగులు దిగినంక శ్రీకాంత్ వెనకనుంచి కాలుతోని గెంటిండు. మెట్ల మీద పడ్డ చప్పుడు నాకు వినవడలె, సాంచాల మోత ఉండె. పడుడు మాత్రం జూసిన."

అమోల్ రాస్తున్నాడు. "తర్వాత?"

"శ్రీకాంత్ కిందికి రాలె. పైన్నే నిలవడి చుట్టు జూసిండు. మా గడప దిక్కు జూసిండు."

కలం ఆగింది. అమోల్ మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు. సాబ్ కూడా చూశాడు.

"నువ్వు చూసినవని వానికి తెలుసా మావశీ?"

"తెలుసు," అంది కమల. "అది గూడ రాయి."