గోనెసంచిలో తుమ్మకాయలు

ఎక్కడైనా ముళ్ళకంప నరుకుతుంటే ఆగి, దాని వెనక ఏముందోనని చూస్తాను. ఈ అలవాటు రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో, జగ్గయ్యపేట బస్టాండులో అంటుకుంది.

నందిగామ బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన, ఒళ్ళో గోనెసంచి. ఆయన చేతుల నిండా పాత ముళ్ళ గీతలు. నా చూపు గమనించి ఆయనే చెప్పాడు.

“మాది పెనుగంచిప్రోలు వైపండి. మునేటి గట్టంతా సర్కారు తుమ్మ కమ్మేసింది. ఏరు బాగుచేద్దామని ఊళ్ళో పదిమందిమి కలిసి రెండేళ్ళు ఆదివారాలు అదే కొట్టాం. కానుగ మొక్కలు నాటాం.”

“బతికాయా?”

“బతికినయ్యండి. కానీ తుమ్మ పోయాక ఏట్లోకి దారి పడింది. ఆ దారినే ఇసక ట్రాక్టర్లు దిగినయ్. మొక్కలు చాలామటుకు చక్రాల కింద పోయినయ్. మిగిలిన నాలుగింటికి నీళ్ళు ముంచబోయి మా తమ్ముడు వాళ్ళు ఇసక తోడిన గోతిలో మునిగిపోయాడు. ఇన్నాళ్ళూ ఏటికి ఆ ముళ్ళే కాపలా అని మాకు తెలవలేదండి.”

సంచిలో మొక్కలా అని అడిగాను. మూతి విప్పి చూపించాడు. నిండా ఎండిన సర్కారు తుమ్మ కాయలు.

ఆయన బస్సు వచ్చింది. లేచి సంచి భుజాన వేసుకున్నాడు.

“తమ్ముడు తుమ్మ కొట్టినకాడే చల్లుతానండి,” అన్నాడు.