మనసుకు మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టా?

మా ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లాక నాకు నిద్ర, ఆకలి పోయాయి. ఊరికే ఏడుపొచ్చేది. తిరుపతిలో మానసిక వైద్యుడిచ్చిన మాత్రలతో, అరవై ఏడేళ్ల వయసులో మళ్లీ మనిషినయ్యాను. ప్రార్థన చేస్తారని ఈ సంగతి మా పలమనేరు పాస్టరుగారికి ఒక్కరికే చెప్పాను. ఆదివారం ఆయన మైకులో నా పేరెత్తి, "విశ్వాసం ఉండేవాళ్లకి మనసు మాత్రలేందమ్మా? పారేయండి" అన్నారు.

అందరూ నావైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ కోపం ఆగక లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, ముందు మీరు ఆ కండ్లద్దాలు తీసి వాక్యం చదవండి, సూద్దాం!"

ఆయన గబగబా తర్వాతి పాట నంబరు చెప్పేశారు. బయటికొచ్చాక, నా పక్కన కూర్చునే రత్నమ్మ మెల్లగా, "అక్కా, ఆ డాక్టరు యాడుంటాడు? నాకూ నిద్ర పట్టి శానా దినాలాయె" అంది.

దేవుడి మీద నాకు కోపం లేదు. రత్నమ్మ నోరు అన్నాళ్లు నొక్కేసినవాళ్ల మీద మాత్రం ఇంకా చల్లారలేదు.